ల్యాబ్‌వ్యూ డీబగ్గింగ్: బల్బు చేతికందుతుంది, దాని స్విచ్ అందదు

బొమ్మలతో ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్లలో తప్పు పట్టుకోవడానికి, అంటే డీబగ్గింగ్‌కు, ల్యాబ్‌వ్యూ ఇచ్చినంత మంచి పనిముట్లు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ పనిముట్లను పనిచేయనిచ్చే సెట్టింగ్ మాత్రం సులువుగా కంటపడని చోట ఉంది. ఈ రెండు మాటలూ చెప్పడానికే ఈ రివ్యూ. అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్ చూసుకుంటాను నేను. ధర, గ్రాఫుల అందం, కొత్త వెర్షన్‌లో ఏమొచ్చింది లాంటివి ఇందులో ఉండవు. ప్రోగ్రాం తప్పు లెక్క చూపిస్తోంది, పక్కన విద్యార్థి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అలాంటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ఎంత సాయం చేస్తుంది? అదొక్కటే చూశాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. ల్యాబ్‌వ్యూను నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1986లో మొదట మాకింటోష్ కంప్యూటర్ల కోసం తెచ్చింది. 2023లో ఆ కంపెనీని ఎమర్సన్ కొనుక్కుంది. ఇందులో టైపు చేసే కోడ్ ఉండదు. ఫ్రంట్ ప్యానెల్ మీద మీటర్లు, బటన్లు, గ్రాఫులు పెట్టుకుంటాం. వెనక బ్లాక్ డయాగ్రంలో చిన్న చిన్న బొమ్మలను వైర్లతో కలుపుతాం. ఒక బొమ్మకు రావలసిన వైర్లన్నిట్లో డేటా వచ్చాకే అది పనిచేస్తుంది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి అనే వరస ఏమీ లేదు. ఇలా తయారైన ఫైలును వీఐ అంటారు. ఒక వీఐలో ఇంకో వీఐని బొమ్మలాగా వాడితే అది సబ్ వీఐ.

ఇక బల్బు సంగతి. బ్లాక్ డయాగ్రం పైన టూల్‌బార్‌లో ఒక చిన్న బల్బు బొమ్మ ఉంటుంది. అసలు పేరు హైలైట్ ఎగ్జిక్యూషన్. మా ల్యాబ్‌లో అందరూ బల్బు అనే అంటారు. దాన్ని నొక్కి రన్ చేస్తే ప్రోగ్రాం నెమ్మదిస్తుంది. వైర్ల మీద చిన్న చుక్కలు కదులుతూ పోతాయి. ఏ బొమ్మ దగ్గర ఏ విలువ బయటికొచ్చిందో పక్కనే అంకె కనిపిస్తుంది. ఏ బొమ్మ ముందు పనిచేసింది, ఏది ఎవరి కోసం ఆగింది అన్నది కళ్ళెదుటే జరుగుతుంది.

కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చే పిల్లలు మా దగ్గర చాలామంది. సీ ప్రోగ్రాంలో ఎర్రర్ వస్తే ఇంగ్లిష్ మెసేజ్ చూసి సగం మంది చేతులెత్తేస్తారు. బల్బు వేసి చుక్క ఎక్కడ ఆగిందో చూడమంటే అదే పిల్లలు ముందుకు వంగి స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తారు. "మేడం, ఈడికొచ్చి నిలబడిపాయ" అంటారు. తప్పు ఎక్కడుందో వాళ్ళే చెప్పేస్తారు. టీచర్‌గా నాకు దీనికంటే గొప్ప ఫీచర్ అక్కర్లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. మా జిల్లాలో పిల్లలను ప్రాజెక్టు ఎంచుకోమంటే బోరు మోటారు దగ్గరికే వస్తారు. బోరులో నీళ్ళు అయిపోయాక కూడా మోటారు తిరుగుతూనే ఉంటే కాలిపోతుంది. నీళ్ళు లేనప్పుడు మోటారు మీద లోడు తగ్గుతుంది, అది లాగే కరెంటూ తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుని మోటారు ఆపేయాలి. ల్యాబ్‌లో ఒక చిన్న మోటారు, ఏసీఎస్712 కరెంట్ సెన్సర్, దాని వోల్టేజీని కంప్యూటర్‌కు చేర్చే యూఎస్‌బీ 6008 కార్డు పెట్టి ఒక బ్యాచ్ ఇదే చేసింది. ఎంత కంటే తగ్గితే ఆపాలో తేల్చుకోవడానికి ముందు మామూలు కరెంటు కొలవాలి కదా. పది రీడింగులు తీసుకుని, కూడి, పదితో భాగించే చిన్న వీఐ రాశారు. మొదటిసారి రన్ చేస్తే 2 ఆంపియర్లు. రెండోసారి 4. మూడోసారి 6. మోటారు మాత్రం అదే మోతతో ప్రశాంతంగా తిరుగుతోంది.

"సెన్సర్ పోయింది మేడం, వేరేది ఇప్పించండి" అని వచ్చారు. "ఉండప్పా, ముందు బల్బు వేయండి" అన్నాను. రెండుసార్లు వరసగా రన్ చేయించాను. రెండోసారి లూప్ మొదలవుతూనే ఎడమ వైపు షిఫ్ట్ రిజిస్టర్ నుంచి సున్నా రావలసిన చోట 20 వచ్చింది. షిఫ్ట్ రిజిస్టర్ అంటే లూప్ ఒక చుట్టులో వచ్చిన విలువను తరవాతి చుట్టుకు అందించే చోటు. దానికి బయటి నుంచి మొదటి విలువ ఇవ్వకపోతే, వీఐ మెమరీలో ఉన్నంతసేపూ పాత రన్‌లో మిగిలిన విలువను పట్టుకునే ఉంటుంది. కాబట్టి పాత మొత్తం మీద కొత్త మొత్తం పేరుకుంటూ పోయింది. లూప్ బయట ఒక సున్నా పెట్టి వైరు కలిపితే సరిపోయింది. ఈ నియమం పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో రాస్తారు కూడా. కానీ 20 అన్న అంకె వైరు మీద నడుచుకుంటూ రావడం చూసినవాళ్ళు దాన్ని మర్చిపోరు.

బల్బు పక్కనే ఇంకో బటన్ ఉంది, రిటెయిన్ వైర్ వాల్యూస్. దీన్ని చాలామంది పట్టించుకోరు. నా లెక్కలో అది బల్బు కంటే ఎక్కువ పనికొస్తుంది. దాన్ని ఒకసారి నొక్కి ఆన్‌లో పెడితే ప్రతి వైరులో చివరగా పోయిన విలువ అలాగే నిలిచి ఉంటుంది. ప్రోగ్రాం ఆగిపోయాక కూడా ఏ వైరుకు ప్రోబ్ (వైరులోని విలువ చూపే చిన్న కిటికీ) పెట్టినా చివరి విలువ చూపిస్తుంది. బల్బుకు ఒక పరిమితి ఉంది. అది ప్రోగ్రాంను బాగా నెమ్మది చేస్తుంది. రెండు లూపులు ఒకే లోకల్ వేరియబుల్‌లో (వైరు లేకుండా విలువ రాసే, చదివే చోటు) పోటీపడి రాస్తున్నప్పుడు వచ్చే తప్పు బల్బు వేయగానే మాయమైపోవచ్చు. ఎందుకంటే టైమింగ్ మారిపోతుంది. అలాంటి చోట విలువలు నిలబెట్టుకునే ఈ బటన్, ప్రోబ్‌లే గతి. కొంచెం మెమరీ ఎక్కువ తింటుంది, అంతే.

ప్రోబ్‌లో షరతు పెట్టుకునే రకం కూడా ఉంది. విలువ ఫలానా దానికంటే ఎక్కువైతేనే ఆగు అని చెప్పొచ్చు. గంటల తరబడి నడిచే కొలతల్లో ఇది నిజంగా వరం. బ్రేక్‌పాయింట్లు, అంటే ప్రోగ్రాం వచ్చి ఆగాలని మనం పెట్టే గుర్తులు, మిగతా సాఫ్ట్‌వేర్లలో ఉన్నట్టే ఉంటాయి. వ్యూ మెనూలో బ్రేక్‌పాయింట్ మేనేజర్ తెరిస్తే అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. తీసేయకుండా తాత్కాలికంగా ఆపి పెట్టుకోవచ్చు. ఒక జాగ్రత్త: బ్రేక్‌పాయింట్ వీఐతో పాటే సేవ్ అవుతుంది. మీరు పెట్టి మర్చిపోయిందే రేపు ఇంకొకరి ప్రాక్టికల్‌లో ప్రోగ్రాంను ఆపేస్తుంది.

ఇంతవరకూ ఫిర్యాదేమీ లేదు. బల్బు ఒక్క క్లిక్, విలువలు నిలబెట్టడం ఒక్క క్లిక్. అసలు తలనొప్పి వీటన్నిటికీ పైన కూర్చున్న అలో డీబగ్గింగ్ అనే సెట్టింగ్‌తో.

ఇది ప్రతి వీఐకి విడివిడిగా ఉంటుంది. కొత్త వీఐలో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ఆఫ్ చేస్తే ఆ వీఐ కొంచెం తక్కువ మెమరీ తీసుకుంటుంది, కొంచెం వేగంగా నడుస్తుంది. ఒక సబ్ వీఐని పిలిచేవాళ్ళ కోడ్‌లోనే కలిపేసే ఇన్‌లైన్ అనే పద్ధతి వాడాలంటే దీన్ని తప్పనిసరిగా ఆఫ్ చేయాలి. అంటే ఆఫ్ చేయడానికి న్యాయమైన కారణాలు ఉన్నాయి. దాని మీద నాకు పేచీ లేదు. ఆఫ్‌లో ఉన్న వీఐలో బల్బు వేయలేం, అడుగడుగునా నడిపించలేం, ప్రోబ్ పెట్టి విలువ చూడలేం. అది ఒక మూసిన పెట్టె.

పైన చెప్పిన మోటారు ప్రాజెక్టులోనే ఇదీ ఎదురైంది. సున్నా పెట్టి సరిచేశాక రీడింగ్ నిలకడగా వచ్చింది గానీ, క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే అసలు కరెంటు 2 కాదు, అంతకంటే తక్కువ. వోల్టేజీని ఆంపియర్లుగా మార్చే సబ్ వీఐ మా పిల్లలు రాసింది కాదు, బయటి నుంచి కొన్న ట్రైనర్ కిట్‌తో వచ్చింది. ఏసీఎస్712లో మూడు రకాలున్నాయి. 5 ఆంపియర్లది ఒక ఆంపియర్‌కు 185 మిల్లీవోల్టులు ఇస్తుంది, 20 ఆంపియర్లది 100, 30 ఆంపియర్లది 66. ఆ సబ్ వీఐ లోపల ఈ మూడింటికీ మూడు కేసులున్నాయి, అంటే ఒకసారికి ఒకటే నడిచే మూడు విడి దారులు. ఏ కేసు నడవాలో ఒక చిన్న ఫైలు చదివి నిర్ణయిస్తుంది. బోర్డు మీద ఉన్నది 20 ఆంపియర్ల చిప్. లోపల ఏ కేసు నడుస్తోందో చూద్దామంటే బల్బు వేయడానికి వీల్లేదు. అలో డీబగ్గింగ్ ఆఫ్ చేసి పంపారు.

ఆన్ చేయాలంటే దారి ఇది. ఆ సబ్ వీఐని తెరవాలి. కంట్రోల్ ఐ నొక్కాలి, లేదా ఫైల్ మెనూలో వీఐ ప్రాపర్టీస్‌కు వెళ్ళాలి. వచ్చిన కిటికీలో పైన ఉన్న కేటగిరీ జాబితా కిందికి దించి ఎగ్జిక్యూషన్ ఎంచుకోవాలి. అందులో రీఎంట్రన్సీ, ప్రయారిటీ లాంటి పెద్ద పెద్ద సెట్టింగ్‌ల మధ్య అలో డీబగ్గింగ్ అనే చిన్న గడి కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టి ఓకే నొక్కాలి. లోపల ఇంకో సబ్ వీఐ ఉంటే దానికీ ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. పని అయ్యాక అన్నిటినీ మళ్ళీ ఆఫ్ చేయాలంటే ఇంకోసారి అదే దారి. పిల్లవాడికి వేరే కంప్యూటర్ దగ్గర ఈ వరస నోటితో చెప్పి చూడండి. కేటగిరీ దగ్గరే దారి తప్పుతాడు.

టిక్ పెట్టి ప్రోబ్ వేశాక విషయం బయటపడింది. ఫైలులో 30 ఆంపియర్ల రకం అని ఉంది, అందుకే 66తో భాగిస్తోంది. రీడింగ్ ఒకటిన్నర రెట్లు ఎక్కువ వస్తోంది. ఆ రీడింగ్‌ను నమ్ముకుని హద్దు పెట్టి ఉంటే, తరవాత ఆ ఫైలు ఎవరైనా సరిచేసిన రోజు మంచి మోటారు కూడా ఊరికే ఆగిపోయేది. తప్పు పట్టుకోవడం చిటికెలో అయింది. దాని దాకా పోవడానికే సమయమంతా పట్టింది.

దూరం కంటే నాకు పెద్ద లోటుగా అనిపించేది ఇంకొకటి. ఆఫ్‌లో ఉందని బయటికి తెలియదు. పెద్ద బ్లాక్ డయాగ్రంలో ఇరవై సబ్ వీఐ బొమ్మలుంటే, ఏది మూసిన పెట్టె, ఏది తెరిచిన పెట్టె అన్నది వాటి బొమ్మలు చూస్తే తేడా తెలియదు. మా పల్లెల్లో బోరు స్టార్టర్ డబ్బా మీద మూడు ఫేజులకూ మూడు ఇండికేటర్లుంటాయి. గట్టు మీద నిలబడి చూసినా ఏ ఫేజు లేదో రైతుకు తెలిసిపోతుంది, డబ్బా మూత తీయనక్కర్లేదు. సబ్ వీఐ బొమ్మ మూలన అలాంటి గుర్తు ఒకటి ఉంటే చాలు. బల్బు పక్కన అలో డీబగ్గింగ్‌కు కూడా ఒక బటన్, దాని మీద రైట్ క్లిక్ చేస్తే "కింద ఉన్న సబ్ వీఐలన్నిటికీ" అనే ఎంపిక. నేను అడిగేది ఇంతే.

ఇది జరగని పని కాదు అనడానికి ఉదాహరణలున్నాయి. నోడ్ రెడ్ అని బొమ్మలను వైర్లతో కలిపే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో బొమ్మను నోడ్ అంటారు. మెసేజ్‌లు చూపడానికి డీబగ్ నోడ్ ఉంటుంది. దాని కుడి చివరే చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే ఆ నోడ్ మెసేజ్‌లు చూపడం ఆపేస్తుంది, మళ్ళీ నొక్కితే మొదలుపెడుతుంది. దీని కోసం ప్రోగ్రాంను మళ్ళీ డిప్లాయ్ చేయనక్కర్లేదు, అంటే కొత్తగా అమలులో పెట్టనక్కర్లేదు. స్విచ్ వస్తువు మీదే ఉంది, ఆన్‌లో ఉందో లేదో చూడగానే తెలుస్తుంది. స్కూలు పిల్లల కోసం బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే, బ్లాకులతో ప్రోగ్రాం రాసే స్నాప్‌లో అయితే, ప్రోగ్రాం ఫలితం కనిపించే స్టేజ్ పైనే పాదముద్రల బొమ్మ ఉంటుంది. అది నొక్కితే బ్లాకులు ఒక్కొక్కటిగా వెలుగుతూ నడుస్తాయి, వేగానికి స్లైడర్ కూడా వస్తుంది. ఇదే సెట్టింగ్ మెనూలోనూ ఉంది, కానీ ఎవరూ మెనూకు పోనక్కర్లేదు. అలాగే బ్లాకులతో పిల్లలకు ప్రోగ్రాం నేర్పే స్క్రాచ్ విషయం వేరు. పాత 1.4 వెర్షన్‌లో ఎడిట్ మెనూలో అడుగడుగునా నడిపించే ఏర్పాటు ఉండేది. ఇప్పటి వెర్షన్‌లో అది లేదు. చిన్నపిల్లల టీచర్లకు అది పెద్ద నష్టమే అని నా అభిప్రాయం.

ల్యాబ్‌వ్యూకు తిరిగి వస్తే, కంపెనీ బటన్ పెట్టేదాకా మనం ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చేదీ ఇదే. దాని లోపలి సెట్టింగ్‌లను దాని భాషలోనే మార్చుకోవచ్చు. వీఐల సెట్టింగ్‌లను ప్రోగ్రాంతోనే చదివి మార్చనిచ్చే ఏర్పాటును వీఐ సర్వర్ అంటారు. అలో డీబగ్గింగ్ అందులో ఒక ప్రాపర్టీగా ఉంది. ప్రాపర్టీ నోడ్ అనే బొమ్మ పెట్టి ఇప్పుడు ఎలా ఉందో చదివి, దాన్ని తిరగేసి మళ్ళీ రాస్తే చాలు. మా ఫైనల్ ఇయర్ అమ్మాయిలు ఇద్దరు దీన్ని క్విక్ డ్రాప్ షార్ట్‌కట్‌గా చేసి పెట్టారు. క్విక్ డ్రాప్ అంటే కంట్రోల్ స్పేస్ నొక్కితే వచ్చే వెతుకులాట కిటికీ. అది తెరిచి ఉన్నప్పుడు కంట్రోల్‌తో ఒక అక్షరం నొక్కితే దానికి కేటాయించిన ప్లగిన్ (మనం చేర్చుకున్న చిన్న వీఐ) నడుస్తుంది. నమూనా వీఐ ల్యాబ్‌వ్యూ ఫోల్డర్‌లోనే రిసోర్స్, దాని లోపల డైలాగ్, దాని లోపల క్విక్ డ్రాప్ అనే ఫోల్డర్‌లో దొరుకుతుంది. దాన్ని కాపీ చేసి మార్చుకుని, డాక్యుమెంట్స్‌లోని ల్యాబ్‌వ్యూ డేటా ఫోల్డర్‌లో క్విక్ డ్రాప్ ప్లగిన్స్ అనే పేరున్న చోట పెట్టాలి. అక్షరం ఎంచుకునేటప్పుడు చూసుకోండి. డీ, ఆర్, టీ, డబ్ల్యూ, ఐ లాంటివాటికి ముందే పనులున్నాయి.

రెండోది ఇంకా పనికొచ్చింది. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులోని వీఐలన్నిటినీ వెతికి, వేటిలో డీబగ్గింగ్ ఆఫ్‌లో ఉందో జాబితా ఇచ్చే చిన్న వీఐ. రికర్సివ్ ఫైల్ లిస్ట్‌తో ఫైళ్ళ పేర్లు తెచ్చుకోవడం, ఒక్కోదాన్ని ఓపెన్ వీఐ రిఫరెన్స్‌తో తెరవడం, ప్రాపర్టీ చదవడం, రిఫరెన్స్ మూసేయడం. అంతే పని. ల్యాబ్‌వ్యూ ఫోల్డర్‌లోని ప్రాజెక్ట్ అనే ఫోల్డర్‌లో పెడితే టూల్స్ మెనూలో దాని పేరు కనిపిస్తుంది. కిట్‌లతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు ముందు దీనితో చూసి, ఆ తరవాతే పిల్లల చేతికిస్తున్నాం. పాస్‌వర్డ్ పెట్టి మూసిన వీఐల మీద దీనికి అధికారం ఉండదు. వాటికి అమ్మినవాళ్ళనే అడగాలి.

ఇవి చేసేవాళ్ళు గమనించాల్సినవి కొన్ని. రన్ అవుతున్న వీఐలో ఈ సెట్టింగ్ మార్చలేం, ఆపి మార్చాలి. మారిస్తే వీఐ మళ్ళీ కంపైల్ అవుతుంది (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారుతుంది), సేవ్ చేయని మార్పు ఉందని టైటిల్ పక్కన నక్షత్రం గుర్తు వస్తుంది. చూసుకోవడానికి మాత్రమే ఆన్ చేసి ఉంటే సేవ్ చేయకుండా మూసేయండి. అప్పుడు అసలు ఫైలు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఇన్‌లైన్ చేసిన వీఐలో ఊరికే టిక్ పెట్టడం కుదరదు, ముందు ఇన్‌లైన్ తీసేయాలి. బల్బు కూడా ఏ డయాగ్రం మీద వేస్తే దానికే. సబ్ వీఐ లోపల చూడాలంటే దాన్ని తెరిచి అక్కడ మళ్ళీ వేయాలి. విడిగా నడిచే ఫైలుగా (ఈఎక్స్ఈ) చేసి ఇచ్చిన ప్రోగ్రాంలకు సెట్టింగ్ వేరే చోట ఉంది. బిల్డ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో ఎనేబుల్ డీబగ్గింగ్ అని ఉంటుంది.

అదే ఎగ్జిక్యూషన్ పేజీలో ఆటోమేటిక్ ఎర్రర్ హ్యాండ్లింగ్ అనే గడి కూడా ఉంది. ఏదైనా తప్పు జరిగితే ఆ కబురు మోసే ఎర్రర్ వైరును ఎక్కడా కలపకుండా వదిలేస్తే, తప్పు జరిగిన చోట ప్రోగ్రాంను ఆపి ఆ బొమ్మను చూపిస్తుంది. నేర్చుకునేవాళ్ళకు ఇది ఆన్‌లోనే ఉండనివ్వండి. మెసేజ్‌లు చికాకుగా ఉన్నాయని పిల్లలు ఆఫ్ చేస్తుంటారు. ఆ చికాకే వాళ్ళకు ఎర్రర్ వైర్లు కలపడం నేర్పిస్తుంది.

నా తీర్పు: తప్పు వెతకడం నేర్పడానికి ల్యాబ్‌వ్యూకు అయిదులో నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు అలో డీబగ్గింగ్ ఉన్న చోటుకే తగ్గించాను. కాలేజీకి క్యాంపస్ లైసెన్స్ ఉంటే మొదటి ల్యాబ్ క్లాసులోనే బల్బు, రిటెయిన్ వైర్ వాల్యూస్, ఈ సెట్టింగ్ మూడూ కలిపి చూపించండి, ప్రాజెక్టు దాకా ఆగకండి. ఇంట్లో సొంతంగా నేర్చుకునేవాళ్ళకు 2020లో వచ్చిన కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, పైన చెప్పిన పనిముట్లన్నీ అందులోనూ ఉన్నాయి. అయితే అది డబ్బు సంపాదించే పనికీ, కాలేజీల్లో పాఠాలకూ కాదు. కిట్ కొనేవాళ్ళు మాత్రం ఆర్డర్ ఇచ్చే ముందే, సబ్ వీఐలు డీబగ్గింగ్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ లేకుండా ఇవ్వాలని కొటేషన్‌లో రాయించుకోండి.